ఎనక నిలబడి జవాబు చెప్పినోడు

నా షెడ్డుల ఒకడున్నడని నాకు మొదలు చెప్పింది బిక్షమ్మ. నార్కట్‌పల్లిల అద్దంకి రోడ్డు చీలే కాడ, నా షెడ్డు పక్కపొంటి ఆమెది చాయ్ హోటలు. నేను ఆ జాగా కిరాయికి పట్టిన కొత్తల, గ్లాసు చేతికిచ్చుకుంట మెల్లగ అన్నది.

"లింగన్నా, అండ్ల బండి ఎనక మనిషి లేనప్పుడు ఏం అడగకు. జవాబు చెప్తడు."

ఎవడు చెప్తడని అడిగిన. జాషువా అన్నది. దేవరకొండ దిక్కు మనిషి, లారీ క్లీనరు. నాకంటె ముందుగాల ఆ జాగాల లారీలు నిలిపేటోళ్లట. ఒకనాడు జాషువా ఎనక నిలబడి డ్రైవరుకు రానీ, రానీ అని చెప్పుకుంటనే, లారీకి గోడకు నడుమ నలిగి సచ్చిపోయిండట. ఆపు అని ఎందుకు ఒర్రలేదో ఎవలకు తెల్వదట. డ్రైవరు మాత్రం తన పానం పోయేదాంక ఒక్కటే మాట మీద ఉన్నడట, రానీ అన్నది జాషువానే అని.

నేను నమ్మలే. బిక్షమ్మకు ఆ జాగా మీద కన్ను. నన్ను బెదిరిచ్చి ఎల్లగొడితె హోటలు పెద్దగ చేసుకోవచ్చని ఆమె ఉపాయం అనుకున్న. చాయ్ తాగిన, గ్లాసు పెట్టిన, వచ్చిన. ఆమె చాయ్‌ల షక్కరి ఎప్పుడూ తక్కువే.

నాది బండ్ల లైట్ల పని. చదువు రెండో తరగతి దాంకనే. ఈ రాతల తప్పులుంటె అక్షరాల్ల ఉంటయి, ముచ్చట్ల ఉండవు.

ఇగ గుర్వయ్య సంగతి చెప్పాలె. వాడు నాకాడనే పని నేర్చిండు. నేర్చినన్ని దినాలు మేస్త్రీ, మేస్త్రీ అని ఎంట తిరిగిండు. రోడ్డుకు అవతల సొంత దుకాణం పెట్టిన తెల్లారి సంది నేను వానికి "లింగన్న" అయిన. బిక్షమ్మ లింగన్న అంటె అది వేరు. చెయ్యి పట్టి సాల్డరు పట్టుడు నేర్పినోన్ని గట్ల పిలుస్తరా? తెలంగాణ రాకముందటి ముచ్చట అది. నేను మర్సిపోలే. మర్సిపోయేటోన్ని కాదు.

శానేండ్లకు, ఒక చలికాలంల వెంకటేశ్ వచ్చిండు. ప్లాట్లు అమ్మే మనిషి. ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చిండు. రెండే తలుపులు, కప్ప కూసున్నట్టు నేలకు ఆనుకోని ఉంటది. పైన గుడ్డ టాపు. ఎనక అద్దం జాగాల ప్లాస్టిక్కు కాయితం, అది కూడ పచ్చగ ముసలి కన్ను లెక్క మసకబారింది. నా పెండ్లయిన కాలంల తయారైన బండి. దాని ఎనక లైట్లు రెండు చిన్న ఎర్ర గుండ్లు. వెంకటేశ్‌కు అవి ఆనలేదు. ఆ కొస నుంచి ఈ కొస దాంక పొడుగు లైటు కావాలె, ఇండికేటరు ఏస్తె వెలుగు నడిమిట్ల మొదలై అంచుకు ఉరకాలె అన్నడు. హైదరాబాదుల పాత కార్లు నిలబెట్టి చూపే తావు ఒకటి ఉందట, ఆదివారం నాటికి తీస్కపోవాలె.

పాత ఇనుముకు కోత పెట్టనని చెప్పిన. పెట్టకుంటనే చెయ్యమన్నడు. ఇంకొక మాట కూడ అన్నడు. అక్కడ కారు ముందట బోర్డు పెడతరట, ఎవలు ఏం చేసిన్రో రాస్తరట. "లైట్లు: లింగస్వామి మేస్త్రి" అని రాయిస్త అన్నడు.

నేను పైసలు మాట్లాడకుంటనే ఒప్పుకున్న. ఆ బోర్డు గుర్వయ్య చూడాలె. అంతే.

పని మంచిగ సాగింది. ఎర్ర షీటు వేడి చేసి కారు ఒంపుకు వంచిన. ఎనక చిన్న చిన్న లైట్లు వరుసగ పేర్చి అతికిచ్చిన. నడుమ తెల్ల లైటు, రివర్సు గేరు ఏస్తె పడేది. ఎనక గోడకు సున్నమేసి, బొగ్గుతోని అడ్డంగ గీత కొట్టిన. రెండు దిక్కుల వెలుగు ఆ గీత మీదనే పడాలె. ఎంట్రుక మందం ఎచ్చుతక్కువ ఉన్నా నేను ఒప్పుకోను.

లైట్ల పనిల ఒక తిప్పలుంది. బ్రేకు తొక్కేది ముందట, లైటు పడేది ఎనక. తొక్కినోనికి కనవడది. ఎనక ఒకడు నిలబడి చెప్పాలె. వెలుగు పని గనక పొద్దు గూకినంకనే చూడాలె. రోజు హోటలు కాడ ఎవలనో ఒకలను పిలుసుకునేది.

ఆనాడు ఎవలు లేరు. షెడ్డుల కాలిన ప్లాస్టిక్కు వాసన, తడి సున్నం వాసన. బయట హైవే మీద బండ్ల మోత, దూరంగ నీళ్లు పారినట్టు. సీట్ల కూసోని బ్రేకు తొక్కిన. అలవాటుల నోట్లకెళ్లి మాట వచ్చింది.

"పడిందా?"

"పడ్డది మేస్త్రీ."

సన్నటి గొంతు. జర అలసిన గొంతు. మంచిది అనుకోని కాలు తీసిన... గప్పుడు యాదికొచ్చింది, నేను ఎవలనూ పిలువలేదని.

దిగి చూసిన. ఎనక ఎవలు లేరు. డీజిల్ల నానిన గుడ్డ వాసన వస్తాంది. నా షెడ్డుల డీజిలు ఉండదు.

గుర్వయ్య పనే అనుకున్న. రేకుకు గోడకు నడుమ సందు ఉంది, అండ్ల దాసుకోని నన్ను పిచ్చోన్ని చేస్తున్నడు. పిచ్చోడని పేరొస్తె కారు వాని దుకాణంలకు పోతది. రోడ్డు దాటి పోయి చూసిన. వాడు ట్రాక్టరు కింద పండుకోని పని చేస్తున్నడు. నన్ను చూసి నవ్విండు. నవ్వుడు ఎందుకో నాకు సమజ్ కాలే.

మల్ల మరునాడు. కావాలనే అడిగిన.

"పడిందా?"

"కుడిది పడ్డది మేస్త్రీ. ఎడమది పడతలేదు."

దిగి చూస్తె నిజమే. ఎడమ దిక్కు అతుకు ఒకటి ఊడింది. గొంతు చెప్పింది అబద్ధం కాదు. ఊడగొట్టింది కూడ గుర్వయ్యనే అనుకున్న. ఊడగొట్టకుంటె వానికెట్ల తెలుస్తది?

దొంగను పట్టాలని ఉపాయం చేసిన. కారు ఎనక నేలంత సున్నపు పొడి సన్నగ జల్లిన, ముగ్గు పోసినట్టు. ఎటు నుంచి వచ్చినా అడుగు పడాలె. పొద్దు గూకినంక తలుపు లోపట గొళ్లెం పెట్టి, సీట్ల కూసోని అడిగిన. పడ్డది అన్నడు. బ్యాటరీ లైటు పట్టుకోని ఎనకకు ఉరికిన.

పొడి ఎట్ల జల్లింది గట్లనే ఉంది. వచ్చిన అడుగు లేదు. పోయిన అడుగు లేదు. గోడకు ఆనుకోని మాత్రం... రెండే పాదాలు. మడిమెలు గోడ దిక్కు, ఏళ్లు కారు దిక్కు.

గోడ దుంకి, మల్ల గోడ ఎక్కి పోయిండు అనుకున్న. గుర్వయ్యకు అంత చాత కాదని తెల్సు. అయినా గట్లనే అనుకున్న. ఇంకో తీరు అనుకుంటె షెడ్డుల ఉండలేను. ఉండకుంటె బోర్డు లేదు.

శనివారం నాడు వెంకటేశ్ వచ్చిండు, తెల్లారితె కారు తీస్కపోవాలె. ఎంట గుర్వయ్యను తీస్కొచ్చిండు. ఒక్కసారి వేరే మనిషి కూడ చూస్తె మంచిదని అన్నడు. నా పనిని నా కాడ నేర్చినోడు చూసుడు. వెంకటేశ్ ఫోను మాట్లాడుకుంట హోటలు దిక్కు పోయిండు. షెడ్డుల ఇద్దరమే మిగిలినం.

పొద్దు గూకింది. చలికి రేకులు టక్కు టక్కు అంటున్నయి. నేను సీట్ల కూసున్న. గుర్వయ్య ఎనక నిలబడ్డడు. బ్రేకు తొక్కితె పడ్డది అన్నడు. ఇండికేటరు ఏస్తె మంచిగ ఉరుకుతాంది అన్నడు. అన్నీ చూసినంక ముందటికి వచ్చి నా తలుపు మీద చేతులు పెట్టి వంగిండు.

"పని మంచిగనే ఉంది లింగన్నా."

ఆ "మంచిగనే"ల "నే" నాకు అవసరం లేదు. కోపంల కాలు తీసి మల్ల బ్రేకు మీద పెట్టిన. నేనేం అడగలే.

"పడ్డది మేస్త్రీ."

ఎనకకెళ్లి వచ్చింది.

గుర్వయ్య మొఖం నా మొఖానికి జానెడు దూరంల ఉంది. వాని పెదవులు కదలలేదు. నా కండ్లతోని చూసిన. వాని నోట్లకెళ్లి బీడీ జారి నా ఒడిల పడ్డది. నేను దులుపుకోలే.

"ఎవలే అది..." అని గుసగుస పెట్టిండు.

"నువ్వు కాదా?"

"నేను నీ ముందటనే ఉన్న గదనే."

అటెన్క వాడు నేల మీద పానా తీస్కోని ఎనకకు పోయిండు. ధైర్యం ఉన్నోడే, కాదనను. వాని చెప్పుల చప్పుడు ఇన్న. సర్... సర్... గోడ కాడ ఆగింది.

ఇగ చప్పుడు లేదు. డీజిలు గుడ్డ వాసన గుప్పుమన్నది.

అద్దంల చూసిన. చీకటి. ఎనక ప్లాస్టిక్కు కాయితంలకెళ్లి ఎర్రటి మసక తప్ప మనిషి ఆనతలేడు. గప్పుడు గుర్వయ్య గొంతు వచ్చింది. వాని గొంతే. ఏండ్ల సంది ఇన్న గొంతు.

"ఎవలు లేరు. పిల్లి."

నా పానం కుదుటవడ్డది.

"రివర్సు ఎయ్యి మేస్త్రీ. తెల్లది చూస్త."

మేస్త్రీ అన్నడు. రోడ్డుకు అవతల దుకాణం పెట్టిన నాటి సంది అనని మాట. ఆ ఒక్క మాటకు నా లోపట ఏదో కరిగింది. పిల్లికి భయపడి అన్నడో, పని చూసి అన్నడో, అన్నడు గద. ఇంజను చాలు చేసిన. గేరు ఏసిన.

"పడ్డది. గీతకు అందుతలేదు మేస్త్రీ. జర రానీ."

క్లచ్చి మెల్లగ ఇడిచిన.

"రానీ... రానీ..."

కారు ఎనకకు కదులుతాంది. సున్నపు పొడి టైర్ల కింద కరకరలాడుతాంది.

"రానీ... ఇంక రానీ మేస్త్రీ..."

ఒక సంగతి నాకు తర్వాత తట్టింది. కారు గోడకు దగ్గరయితాంది. గొంతు కూడ దగ్గర కావాలె గద. కాలే. ఎంత దూరంల మొదలైందో గంత దూరంల్నే ఉన్నది.

మెత్తగ తాకింది. పానా నేల మీద పడ్డ చప్పుడు. గుర్వయ్య మూలుగు... కింది నుంచి, కారుకు గోడకు నడుమల నుంచి.

ఆ మూలుగు ఇనవడుతుంటనే, అదే యాళ్ల, అదే గొంతు...

"రానీ... రానీ మేస్త్రీ..."

కారు ముందటికి ఎట్ల తీసిన్నో తెల్వదు. నేను ఒర్రితె బిక్షమ్మ, వెంకటేశ్ ఉరికొచ్చిన్రు. గుర్వయ్య గోడకు ఆనుకోని కూలవడి ఉన్నడు. మడిమెలు గోడ దిక్కు, ఏళ్లు కారు దిక్కు. బొగ్గు గీత మీద రెండు ఎర్ర వెలుగులు సరింగ పడుతున్నయి. ఎంట్రుక మందం తేడా లేదు.

పానం దక్కింది. తుంటి బొక్క, తొడ బొక్క విరిగినయి. నేను నల్గొండ దవాఖానకు పోయిన. వాని పెండ్లాం నిర్మలమ్మ నన్ను లోపటికి రానియ్యలే. ఆమె మందులకు పోయినప్పుడు మంచం కాడికి పోయిన. వాడు నన్ను చూసిండు. చెవి దగ్గర పెట్టమని సైగ చేసిండు.

"అన్నా, నేను నోరు తెరవలే. ఎనకకు పోయినంక ఎవలో నా నోటికి అడ్డంగ చెయ్యి పెట్టినట్టయింది. తడి చెయ్యి. నా గొంతు నా ముందట మాట్లాడుతాంటె నేను ఇన్న."

నోరు తెరవలే. పిల్లి అన్నది వాడు కాదు. మేస్త్రీ అన్నది కూడ వాడు కాదు.

జాషువా ఆపు అని ఎందుకు ఒర్రలేదో నాకు గప్పుడు సమజైంది. ఆ లారీ డ్రైవరు అబద్ధం చెప్పలే. జాషువా నోరు కూడ ఇంకెవడో మూసి, వాని గొంతుతోని రానీ అన్నడు. మరి జాషువాకు ముందు ఎవలు? బిక్షమ్మకు తెల్వదు. ఆమె వచ్చేసరికే గోడ ఉన్నదట.

ఇప్పుడు గుర్వయ్య ఆలేర్ల బిడ్డ ఇంటికాడ ఉన్నడు. కట్టె పట్టుకోని నడుస్తడట. వచ్చినోళ్లకు, పోయినోళ్లకు ఒక్కటే చెప్తున్నడట, లింగన్న పగతోని కావాలనే గుద్దిండని. నాకు పగ ఉండె. కాదనను. అందరికి తెల్సు గనకనే అందరు నమ్మిన్రు. ఏండ్ల సంది చేసిన పనంత పోయి, మనిషిని నలిపినోడు అని పేరు మిగిలింది. వెంకటేశ్ నా లైట్లు పీకేసి పాత గుండ్లే పెట్టిచ్చుకున్నడట. బోర్డు రాయనే లేదు.

షెడ్డుకు తాళం ఏసి చావి మొలతాడుకు కట్టుకున్న. మొన్న బిక్షమ్మ ఇంటికి వచ్చింది. ఈసారి చాయ్ లేదు, నవ్వు లేదు. నువ్వు రోజు పొద్దు గూకంగనే షెడ్డుకు ఎందుకు వస్తున్నవని అడిగింది. ఇల్లు ఇడిచి అడుగు బయట పెట్టలేదన్న. ఆమె తను ఇన్నది చెప్పింది. తాళం ఏసినట్టే ఉంటదట. లోపట నా గొంతు "గీత మీద పడిందా" అని అడుగుతదట. గుర్వయ్య గొంతు "పడ్డది మేస్త్రీ" అంటదట.

ఎప్పటి లెక్క అబద్ధమాడుతున్నదని అనుకుందును. కని గీత ముచ్చట ఆమెకు నేను ఎన్నడు చెప్పలే.

ఇది చదివినోళ్లల్ల ఆలేరు దిక్కు పోయేటోళ్లు ఎవలన్నా ఉంటె, గుర్వయ్యను అడగుండ్రి. దవాఖానల నా చెవుల చెప్పిన మాట నలుగురి ముందట చెప్పమనుండ్రి. వాడు బతికున్నప్పుడే చెప్పియ్యాలె. ఆనాడు రానీ అన్నది వాడు కాదు, నేను కావాలని పోనియ్యలే.

ఇంకొకటి కూడ రాసుకోండ్రి. పొద్దు గూకినంక ఆ షెడ్డుల అడిగేటోడు నేను కాదు. నేను ఇక్కడ, మా ఇంటికాడ ఉన్న.