నూట పదిహేడో నంబరు పేషెంటు

"సాయంత్రం నాలుగింటికి ఫైలు లాక్ అవుతుంది. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా మార్చలేడు," అన్నాడు చీఫ్.

తొమ్మిదో నంబరు ఏజెంట్ ముసలి మోకాళ్లు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

దీర్ఘకాలిక బ్లడ్ క్యాన్సర్‌కు కొత్త మందు వచ్చింది. రక్తకణాల మీద మందును పట్టుకునే రిసెప్టర్ల జీన్లలో ఒక నమూనా ఉన్నవారికే అది పనిచేస్తుంది. ఆ నమూనా మనవాళ్లలో ఎక్కువ. మందు మనకివ్వాలో వద్దో తేల్చే రెండువందల మంది పేషెంట్ల ఫైలును ఓ విదేశీ ముఠా మార్చిందని అనుమానం. అదే నిజమైతే మనవాళ్లెవరికీ మందు అందదు. ముఠా వెనకున్న కంపెనీ తన పాత సరుకే అమ్ముకుంటుంది.

"నూట పదిహేడో నంబరు మీ అక్కయ్య," అన్నాడు చీఫ్ మెల్లగా.

"తెలుసు."

మూడున్నరకు ఏసీ మెకానిక్ వేషంలో ఆసుపత్రి ల్యాబ్‌లోకి వెళ్లాడు. అతనెవరో తెలిసిన సీనియర్ టెక్నీషియన్ కళ్లద్దాలు సవరించుకుని స్క్రీన్ చూసింది.

"ఇదేంటి బాబూ! మందు పనిచేసే నమూనా మనవాళ్లలో ఇంత తక్కువమందికా? ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. వెధవలు వాళ్ల దేశం ఫైలే తెచ్చి మన నంబర్లు తగిలించారు!"

"అసలు ఫైలేది?"

"చెరిపేశారు."

సర్వర్ రూమ్‌లో విదేశీ సైంటిస్టు వేషంలో నిలబడి ఉంది మైనా. ముఠా జీతం తీసుకుంటూ మనకూ పనిచేసే డబుల్ ఏజెంట్. ఒకప్పుడు అతని ప్రేయసి. మూడు ఎయిర్‌పోర్టుల్లో మూడుసార్లు విడిపోయారు.

"కంప్రెసర్ మొరాయించిందా?" కోడ్ మాట పలికాడు.

"మొరాయించింది నువ్వే. ముసలాడివైపోయావ్."

"కాపీ ఉందా?"

ఆమె లిప్‌స్టిక్ మూత తిప్పింది. లోపల పెన్‌డ్రైవ్.

"ఇది ఇచ్చేస్తే వాళ్లు నన్ను బతకనివ్వరు. ఇక నేను నీకు కనబడను. సరేనా?"

మూడూ యాభైఎనిమిది. అతను గడియారం చూశాడు. చెయ్యి చాచాడు.

"కనీసం ఉండమనైనా అనవేంరా!" అంటూ పెన్‌డ్రైవ్ అరచేతిలో పెట్టి వెనక తలుపులోంచి వెళ్లిపోయింది.

టెక్నీషియన్ అసలు ఫైలు ఎక్కించేసరికి గడియారంలో రెండు సెకన్లు మిగిలాయి.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అక్కకు ఫోన్ చేశాడు.

"నీ మందు ఖాయమైందే అక్కా."

"డాక్టరుగారు ఎంత మంచివారో! మా కోసం ఎంత కష్టపడ్డారో!" అంది అక్క. "నువ్వూ ఉన్నావ్, ఒక్కరోజు ఆసుపత్రి మెట్లెక్కిన పాపాన పోలేదు."