తెల్లింటి గుమ్మంలో ఆవిడ

చిన్నప్పటి సినిమా పేరు మర్చిపోయి నా కొట్టుకొచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "అందులో ఒకడు పరిగెడతాడు మామా, వెనకాల కుక్కలు" అంటారు. ఏ సినిమాలో పరిగెత్తడు? పేరు తెలీదు, హీరో తెలీదు, తాము ఏడ్చామని మాత్రం గుర్తు! మసాకా ఊళ్ళో పాత క్యాసెట్లు దాచుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ మతిమరుపు మేళమంతా నా నెత్తినే పడుతుంది.

ఒకప్పుడు నేను వీజే ముకలాజిని. వీడియో హాల్లో టీవీ పక్కన మైకు పట్టుకుని కూర్చుని, ఏ దేశపు సినిమా అయినా మా లుగాండా భాషలో చెప్పేవాణ్ణి. నాకు చైనా భాష ఒక్క ముక్క రాదు. అయితేనేం? నోటికొచ్చింది చెబితే జనం ఈలలు వేసేవాళ్ళు. ముందు బెంచీలో ఎవరున్నారో చూసి, వాళ్ళ పేర్లు కథలో కలిపేసి ఏడిపించేవాణ్ణి. ఇప్పటి వీజేలకి ఆ చమత్కారం ఏదీ? అన్నీ కప్పల బెకబెకలే.

మొన్న మంగళవారం మధ్యాహ్నం, రేకుల మీద వాన దబదబా పడుతుంటే, నలభై ఏళ్ళావిడ ఒకామె వచ్చింది. గుమ్మంలో, మా వైపు ఆడవాళ్ళ మర్యాద ప్రకారం, మోకాళ్ళ మీద కూర్చుని పలకరించి, తన పేరు నంతాబా అంది.

"ఒక సినిమా కావాలి మామా. తెల్లటి ఇల్లు. గుమ్మంలో ఒకావిడ చేతులు కడుక్కుంటూ ఉంటుంది."

"చేతులు కడుక్కుంటుందా! అబ్బో, ఎంత గొప్ప కథ!"

ఆమె నవ్వలేదు. "నాకప్పుడు ఆరేళ్ళు. భయమేసి వీడియో హాల్లోంచి బయటికి పరిగెత్తాను. మా అక్క నస్సూనా లోపలే ఉండిపోయింది. మళ్ళీ కనబడలేదు. ఆ తర్వాత సినిమాలో ఏం జరిగిందో చూడాలి మామా. మా అక్క ఆఖరున చూసింది అదే."

ఆ రోజు నాకూ గుర్తుంది. ఆ హాల్లో మైకు నాదే. "ఒసే నస్సూనా, ఎర్రగౌను పిల్లా! ఈవిడ నిన్నే పిలుస్తోందే. అన్నం పెడుతుందిట, రా!" అన్నాను. జనం విరగబడి నవ్వారు. అంతలో జనరేటరు ఆగింది. మళ్ళీ వెలుగొచ్చేసరికి ఆ పిల్ల చోటు ఖాళీ. ఎవరో ఎత్తుకుపోయారన్నారు. నేనూ అవునవునన్నాను. సరదాకి పిలిస్తే పిల్ల మాయమైపోతుందా, తలకాయ?

"అలాంటి సినిమా లేదు. వెళ్ళు."

"ఉంది. మీ గొంతు గుర్తుపట్టాను మామా."

రోషమొచ్చింది. నా మాటలతో సహా హాల్లోనే రికార్డు చేసిన ఆనాటి క్యాసెట్టు అటక మీంచి తీసి పెట్టాను. చూసి, కళ్ళు తుడుచుకుని, పోతుందిలే అనుకున్నాను.

వానకి కొట్టంతా చీకటి. బూజు వాసన. మసక బొమ్మలో తెల్లిల్లు, చేతులు కడుక్కునే ఆవిడ. నా పడుచు గొంతు, ఆ పిలుపు, జనం నవ్వులు. జనరేటరు ఆగిన చోట టేపు అయిపోవాలి.

అవలేదు...

నవ్వులు పోయాయి. నా గొంతొక్కటే, చాలా మెల్లగా... "కూర్చో తల్లీ. చెయ్యి కడుక్కో."

ఆ మాట నేనెప్పుడూ అనలేదు.

ఒక పిల్ల గొంతు. "చెల్లి రాదా?"

"వస్తుంది. వెతుక్కుంటూ వస్తుంది" అంది నా గొంతు.

"అక్కా..." అంది నంతాబా గుసగుసగా.

ప్లగ్గు పీకేశాను. తెర నల్లబడింది. గొంతు ఆగలేదు.

"నంతాబా, అన్నం చల్లారిపోతోంది. రావే..."

ఆమె టీవీ వైపు చూడటం లేదు. నా మొహం వైపు చూస్తోంది. చెయ్యి పెట్టి తడుముకున్నాను. నా పెదాలు కదులుతున్నాయి.

నోరు నొక్కుకున్నాను. వేళ్ళ సందుల్లోంచి కూడా మాట వస్తూనే ఉంది. ఆమె ఏడుస్తూనే నవ్వింది. లేచి టీవీ వెనక్కి వెళ్ళింది. అక్కడ ఇటుక గోడ తప్ప ఏమీ లేదు. నేను వెళ్ళి చూసేసరికి ఆమె కూడా లేదు.

అప్పట్నించి నోరు విప్పలేదు. ఏదైనా పలక మీద రాసి చూపిస్తాను. ఊరందర్నీ వెటకారం చేసిన నోరు ఇది. ఇంతకన్నా నీచమైన నోరు ఈ మసాకాలో లేదు.

ఈ పొద్దున ఒక ముసలాయన వచ్చాడు. "యాభై ఏళ్ళ కింద, మా బడి గోడ మీద ఒక సినిమా వేశారు నాయనా. అందులో నలభై ఏళ్ళావిడ ఒక ఎర్రగౌను పిల్లని పట్టుకుని అక్కా, అక్కా అంటుంది. ఇద్దరూ భోజనానికి కూర్చుంటారు. ఏం సినిమా అది?"

తెలీదని రాశాను.

"మూడో పళ్ళెం కూడా పెట్టి, ఎవర్నో పేరు పెట్టి పిలుస్తారు. ఆ పేరు నోటిదాకా వస్తోంది... ఉండు నాయనా, గుర్తొస్తోంది..."

పలక చెరిపి, వద్దు వద్దు అని రాస్తున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నాడు.