డ్రాపు గద్దె మీద నిద్ర

మునగాల దాటి కోదాడ వైపు పోతుంటే, హైవే నుంచి పక్కకు ఒక మట్టిబాట దిగుతుంది. ఆ బాట సాగర్ కాల్వ పాయ దగ్గరికి చేరుస్తుంది. అక్కడ కాల్వ ఒక్కసారిగా రెండు నిలువుల లోతుకు దూకుతుంది. దాన్ని గాజులామె డ్రాపు అంటారు.

పగలు ఏమీ ఉండదు. బర్లను తోలుకొస్తారు, గాలాలు వేస్తారు. రాత్రయిందా... ఒంటరిగా ఎవరూ అటు పోరు. ఎప్పుడో గాజులమ్ముకునే ఆమె ఒకతె అక్కడ కాలుజారి పడిందట. చీకట్లో ఆ గుంతలోకి తొంగిచూస్తే, చూసినవాణ్ణి పేరుపెట్టి పిలుస్తుందట. పొలాలకు నీళ్లు పెట్టేవాళ్లు ఇద్దరిద్దరుగా పోతారు — ఫోన్లో పాటలు పెట్టుకుని, తల కిందికి వంచకుండా. ఆ పిలుపు విన్నవాళ్లెవరూ నాకు తగల్లేదు గానీ, భయపడ్డవాళ్లు మాత్రం ఊరినిండా ఉన్నారు.

అలాంటి చోటికి నర్సింహ పడుకోవడానికని పోయాడు. ఒకసారి కాదు, ఎనిమిది రాత్రులు.

నర్సింహ వాళ్లది గొర్లు కాసే ఇల్లు. మందను తమ్ముడికి అప్పజెప్పి, అతను మిర్యాలగూడలో రైస్ మిల్లులో చేరాడు. ఇరవై రెండేళ్లు మిషన్ల మధ్యనే గడిపాడు. ఒకనాడు షిఫ్టు దిగాడు, మిల్లు ఆగింది — చెవిలో మాత్రం మోత ఆగలేదు. సన్నటి ఈల. ఊపిరి పీల్చుకోవడానికైనా ఆగని ఈల.

పగలు మిల్లు మోతలో అది తెలిసేది కాదు. రాత్రి లైటు తీసి దిండు మీద తల పెట్టగానే మొదలయ్యేది. కీచురాయి అనుకుని మంచాలు జరిపాడు, మూలలు దులిపాడు. పక్కింటివాళ్ల మోటారనుకుని కొట్లాటకు పోయాడు. వాళ్లు మోటారు చూపించారు. అది కాలిపోయి నెలయింది.

సూర్యాపేటలో చెవి డాక్టరుకు చూపించుకున్నాడు. పరీక్ష చేసి, చెవి నరం దెబ్బతిన్నదని చెప్పాడాయన. చెవికి అందని చప్పుళ్ల జాగాలో బుర్రే ఒక చప్పుడు చేసుకుంటుందట. పూర్తిగా పోగొట్టే మందు లేదు, మెల్లగా అలవాటవుతుంది, నిశ్శబ్దంలో మాత్రం పడుకోవద్దు, పక్కన ఏదో ఒక చిన్న చప్పుడు ఉండనీయమన్నాడు. నర్సింహకు మందు లేదన్న ముక్క ఒక్కటే వినిపించింది. కోదాడలో ఒకాయన దగ్గరికి పోయి చెవిలో వెల్లుల్లి నూనె పోయించుకున్నాడు. చెవి వాచింది, ఈల అలాగే ఉంది.

కూతురు సంగీత ఫోన్లో వాన చప్పుడు పెట్టిచ్చింది. అది కొంచెం పనిచేసింది కూడా. కళ్లు మూతపడుతుండగా వాన మధ్యలోంచి ఎవడో సబ్బు గురించి అరిచాడు. నర్సింహ లేచి కూర్చుని తెల్లారేదాకా ఆ సబ్బును తిట్టుకున్నాడు.

నిద్రలేని మనిషి మిషన్ దగ్గర నిలబడితే ఏమవుతుందో అదే అయింది. ఒక మధ్యాహ్నం నిలుచునే తూగాడు. చెయ్యి బెల్టు మీదికి పోయింది. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు కాబట్టి చెయ్యి మిగిలింది. సేటు వెంకటనారాయణ అతన్ని ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"నెల రోజులు ఇంటికాడ ఉండు, నర్సింహా. నిద్ర పట్టినంక రా. పట్టకపోతే ఇంకో మనిషిని జూస్కుంట. నీ చెయ్యి పోతే నేను తెచ్చియ్యలేను."

అలా ఊరికి వచ్చాడు. ఊళ్లో ఇంకా కష్టం. మిర్యాలగూడలో రాత్రంతా లారీలైనా తిరిగేవి. ఇక్కడ తొమ్మిదయితే కుక్క కూడా మొరగదు. ఫ్యాను పెట్టుకుంటే కరెంటు పోయేది. ఇరవయ్యో రోజు రాత్రి అతను మంచం మీంచి లేచి, చెప్పులు వేసుకుని, టార్చి పట్టుకుని, ఎటని లేకుండా నడిచాడు. ఆ తలను ఎక్కడైనా విప్పి పెట్టి పోవాలన్నంత విసుగు పుట్టింది.

ఎంత దూరం పోయాడో... ఉన్నట్టుండి ఏదో తేడాగా అనిపించింది.

ఆగాడు.

చెవిలో ఈల లేదు. కాదు, ఉంది — కానీ ఎక్కడో దూరంగా, పక్క ఊళ్లో మోగినట్టుంది. దాని మీద ఇంకో చప్పుడు పరుచుకుంది. హోరు. నీళ్లు పడుతున్న హోరు.

తను ఎక్కడున్నాడో అప్పుడు తెలిసింది. పరుగెత్తాలని అనుకున్నాడు, రెండడుగులు వేశాడు కూడా. అడుగు దూరమైన కొద్దీ ఈల దగ్గరైంది. నిలబడిపోయాడు. వెనక భయం, ముందు ఈల. రెంటిలో ఈలకే ఎక్కువ భయపడి వెనక్కి తిరిగాడు.

కాల్వ గేటు పక్కన సిమెంటు గద్దె ఉంది. టార్చి ఆర్పేసి, గుంత వైపు వీపు పెట్టి, కండువా పరుచుకుని పడుకున్నాడు. కళ్లు తెరిచేసరికి తూర్పు తెలుపెక్కుతోంది. ఎన్ని నెలలకో పట్టిన నిద్ర అది.

ఇక రోజూ అదే పని. అందరూ పడుకున్నాక పోవడం, వెలుగు రాకముందే ఇల్లు చేరడం. కిందికి మాత్రం చూసేవాడు కాదు. పగలు అటు వెళ్లే అవసరమూ లేదు. వాళ్లకు కాల్వ కింద సెంటు పొలం లేదు.

ఎనిమిదో రాత్రి భార్య ఆండాలు వెంటబడింది. మొగుడు మొహం తేటపడినందుకు సంతోషం, రాత్రి మంచం ఖాళీగా ఉన్నందుకు అనుమానం. అతను డ్రాపు బాట పట్టేసరికి ఆమె ఆగి వెనక్కి చూసింది. అయినా వచ్చింది. అతను గద్దె మీద పడుకుంటే పక్కనే కూర్చుని, అతని చెవికి నోరు ఆనించి గట్టిగా అడిగింది.

"గీ మోతల ఎట్ల పంటవయ్యా?"

మోతలోనే నిద్ర పడుతుందని నర్సింహ నవ్వి చెప్పాడు. అది ఆమెకు వినబడలేదు. రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. తర్వాత అతను నిద్రపోయాడు. ఆండాలు తెల్లవార్లూ కొంగు బిగించుకుని కాపలా కూర్చుంది.

మసక వెలుతురులో కట్ట మీద టార్చి వెలిగింది. సైకిలు దిగి వచ్చింది లస్కర్ సైదులు, కాల్వ గేట్లు చూసే మనిషి. గద్దె మీద రెండు ఆకారాలు చూసి ఆగిపోయాడు. మనుషులేనని తేలాక దగ్గరికి వచ్చి, గీడేం జేస్తున్నరని అడిగాడు. నర్సింహ నిద్రలేచి, సిగ్గుపడుతూ ఉన్న సంగతి చెప్పాడు. చెవిలో మోత, నీళ్ల చప్పుడు, నిద్ర.

సైదులు అతన్ని ఎగాదిగా చూశాడు.

"నీళ్లేడియే? మీద గండి పడ్డదని ఆదివారమే బంద్ జేసిన్రు. ఇయ్యాల గురువారం."

టార్చి గుంతలోకి తిప్పాడు. అడుగున మోకాలి లోతు నీళ్లు కదలకుండా ఉన్నాయి. నీళ్లు దూకే గోడ మీద పాచి ఎండి పెచ్చులు లేచింది.

నర్సింహ ముందు బిత్తరపోయాడు. తర్వాత సూర్యాపేట డాక్టరు మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. బుర్రే చప్పుడు చేసుకుంటుందన్నాడు కదా. ఈల చేసిన బుర్ర నీళ్లు మాత్రం చేయలేదా? ఆ మాటే చెబుదామని ఆండాలు వైపు తిరిగాడు.

ఆండాలు గుంతలోకి చూస్తోంది. మొహంలో రక్తం లేదు. ఆమె చెవులకు ఏ జబ్బూ లేదు. మరిది మందలో ఒక్క గొర్రెపిల్ల దగ్గినా లేచి కూర్చునే మనిషి ఆమె.

"గిప్పటిదాకా వడ్డయి గద," అంది మెల్లగా. "ఈనె లైటు గొట్టంగనే ఆగినయి."

సైదులు వెంటనే వెనక్కి తిరిగాడు. సైకిలు కూడా ఎక్కకుండా నెట్టుకుంటూ పోయాడు.

ఆ రాత్రి నర్సింహ ఇంట్లోనే పడుకున్నాడు. తలుపు గడియ పెట్టారు, దీపం ఆర్పలేదు. పది కాగానే ఈల వచ్చింది. పదకొండుకు అతను లేచి కూర్చున్నాడు. పన్నెండుకు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని అటూ ఇటూ ఊగుతున్నాడు. మిల్లుకు పోవడానికి ఇంక రెండే రోజులు ఉన్నాయి. ఆ బెల్టు ముందు ఎలా నిలబడాలో అతనికి తెలియడం లేదు.

ఆండాలు లేచి చాప చుట్టింది.

"లే. పోదాం."

"భయమైతలేదానే?"

"అయితది." చాప చంకన పెట్టుకుంది. "దయ్యమో దేవరో, నాకు దెల్వది. నిన్నయితే పండబెట్టింది. నాకు గది సాలు."

ఇద్దరూ మట్టిబాట దిగారు. చంద్రుడు లేడు. మలుపు ఇంకా చాలా దూరం ఉండగానే ఆండాలు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. నర్సింహ చెవి అటు పెట్టి విన్నాడు. ఈల తప్ప ఏమీ లేదు.

"ఇనవడ్తున్నయి," అంది ఆమె. "నడువు."