అల్బెర్కాలో బాంబు

"అల్బెర్కాలో బాంబు. సాయంత్రం అయిదు. టార్గెట్ డాక్టర్ ఉర్రుతియా."

కోడ్ విప్పితే వచ్చింది అంతే. పంపింది నల్లతేలు ముఠాలో చేరి రహస్యంగా స్పెయిన్ కోసం పనిచేస్తున్న మెక్సికో అందగత్తె ఫాబియోలా. ఆమెను నమ్మొద్దని అందరూ మొత్తుకుంటే, "పూచీ నాది" అని పనిలోకి తెచ్చినవాడు ఏజెంట్ గాస్పర్.

స్పెయిన్‌లోని గ్రనాడాలో అల్బెర్కా అంటే పొలాలకు నీళ్ళు పట్టి ఉంచే తొట్టి. డాక్టరుగారి తోటలో అలాంటిదొకటి ఉంది. గాస్పర్ రైతు వేషంలో నడుంలోతు నాచునీళ్ళలో దిగి దేవాడు. చేతిలోని డిటెక్టర్ కిక్కురుమనలేదు.

"దొరికిందా?" రేడియోలో పై అధికారి అడ్మిరల్ సాల్సెదో గొంతు.

"కప్పలు దొరికాయి సార్."

"ఆ పిల్ల మనల్ని అమ్మేసిందయ్యా! కనబడితే కాల్చిపారెయ్. ఇది ఆర్డర్."

గాస్పర్ ఒళ్ళు మండిపోయింది. ఎంత నమ్మాడు! పిస్తోలు నడుముకు దోపుకుని గట్టెక్కుతుండగా చేతిగడియారం మోగింది. అది ఫాబియోలా రహస్య లైను.

"ఎక్కడ చచ్చావ్? టైమైపోతోంది!"

"నువ్వు చెప్పిన అల్బెర్కాలోనే ఏడుస్తున్నా!"

"అబద్ధాలాడకు! నేనూ ఇక్కడే ఉన్నా. డాక్టర్ ఈత కొడుతోంది. పక్కన తేలే క్లోరిన్ డబ్బాలో బాంబు. నేను దాన్ని లాగబోతే ఈ ముఠావాళ్ళు రిమోట్ నొక్కేస్తారు. నువ్వేడీ?"

"ఈతా? తొట్టిలో ఈతేమిటే?"

"తొట్టేమిటి నీ మొహం! హోటల్ అల్బెర్కా! నీలం పలకలు, గొడుగులు!"

"ఈతకొలనా? దాన్ని పిసీనా అంటారే తల్లీ!"

"మా మెక్సికోలో అల్బెర్కానే అంటాం, మొద్దూ!"

గాస్పర్ జీపు ఎక్కి హోటల్‌కేసి యాక్సిలరేటర్ తొక్కాడు. ఆమెను ఎంత మాట అనుకున్నాడు!

"అల్బెర్కా అరబ్బుల మాట. అలాంటివెందుకయ్యా ఆవిడకి?" రేడియోలో అంతా విన్న అడ్మిరల్ అందుకున్నాడు. "శుభ్రమైన స్పానిష్ రాదా?"

"అడ్మిరల్‌ని మనం పిలిచే 'అల్మిరాంటే' అన్న మాట కూడా అరబ్బులిచ్చిందే సార్. కాస్త నోరు మూసుకోండి!"

బురద బట్టలతో వచ్చినవాణ్ణి హోటల్లో ఎవరూ ఆపలేదు. కొలను శుభ్రం చేసే మనిషనుకున్నారు. గాస్పర్ గోడకున్న వల తీసుకుని, డాక్టర్ పక్కన తేలుతున్న క్లోరిన్ డబ్బాను పైకి లాగాడు. లోపల టైమర్, రెండు వైర్లు. ముఠావాడొకడు రిమోట్ తీశాడు. ఫాబియోలా ఐస్ బకెట్‌తో వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. రెండోవాడు కదలబోతే ఆ బకెట్టే వాడి ముఖానికీ తగిలింది. గాస్పర్ వైరు కోశాడు. టైమర్ ఒకటి దగ్గర ఆగిపోయింది.

ఫాబియోలా అతని నడుముకున్న పిస్తోలు చూసింది.

"అది నాకోసమేనా?"

గాస్పర్ తల దించుకున్నాడు.

"ఒక్క మాటకా? అరబ్బుల దగ్గర నేర్చుకుని, మీ తాతలే ఓడెక్కించి మా దేశం తెచ్చిన మాట అది! మేమేమీ దొంగిలించలేదు. మీ మాటే మీకు చెబితే ద్రోహినైపోయానా? నువ్వు కూడా నమ్మేశావు కదరా!"

ఆమె విసురుగా తోసేసరికి గాస్పర్ వెనక్కి వెళ్ళి నీళ్ళలో పడ్డాడు. తనకు అంతే కావాలనుకున్నాడు.

రేడియో గరగరలాడింది. "గాస్పర్! ఎక్కడున్నావు?"

"అల్బెర్కాలో."

"ఏ అల్బెర్కా?"

గాస్పర్ పళ్ళు కొరికి రేడియోను నీళ్ళలో ముంచేశాడు. అడ్మిరల్‌కు జవాబు బుడబుడమంటూ వినిపించింది.