రేవులో ఒక మనిషంత ఖాళీ

బేగంపేటలో విమానాలు ఇంకా దిగుతున్న రోజులవి. విమానాశ్రయం వెనక సందులో, ఒక పాత బంగళా మేడ మీద, వీడియో గేములకు బొమ్మలు చేసిపెట్టే చిన్న కంపెనీ ఉండేది. గేములు విదేశాల వాళ్ళవి. వాటిలో కనిపించే గోడలు, గుర్రాలు, దారిన పోయే జనం మాత్రం ఇక్కడి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు తయారుచేసేవారు. ఆ జనాన్ని తయారుచేసే జట్టుకు పెద్ద రాజబాబు.

రాజబాబుది విజయనగరం వైపు. ఈ ఊరొచ్చి ఏళ్ళయినా ఇక్కడ అతనికి నచ్చింది ఒక్కటీ లేదు. ఇక్కడి మాట మోటు, ఇక్కడి చారు చేదు, ఇక్కడివాళ్ళకు పని రాదు. తనకు జీతమిచ్చే విదేశీయులకూ బుర్ర తక్కువేనని అతని నమ్మకం. ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే పెదవి విరిచే అలవాటు అతనిది.

ఆ వానాకాలం ప్రాచీన గ్రీసు గేమొకటి వచ్చింది. ఏథెన్సు పక్కన ఓడరేవు, ఆ రేవులో సంత. సంతలో గ్రీకులతోపాటు ఈజిప్టు పండ్ల వర్తకులు, నైలు నది ఎగువ నుంచి వచ్చిన నల్ల నావికులు, ఉత్తరాది గడ్డి మైదానాల విలుకాళ్ళు కూడా ఉండాలని అడిగారు. రాజబాబు అది చదివి నవ్వాడు. గ్రీకులంటే పాలరాతి బొమ్మలు, అందులోకి సికింద్రాబాద్ మోండా మార్కెట్టును దింపమంటున్నారు, చరిత్ర తెలీని వెధవలు అని అందరి ముందూ అన్నాడు.

జట్టులో కల్పలత అనే అమ్మాయి ఒక్కతే ఊరుకోలేదు. ఆమెది చిలకలగూడ, మూడు తరాలుగా ఇక్కడే. ఆ కాలపు గ్రీకు కుండల మీద నల్లవాళ్ళ ముఖాలున్నాయనీ, ఏథెన్సు వీధుల్లో కాపలా కాసింది ఆ పరాయి విలుకాళ్ళేననీ బొమ్మలు తెచ్చి చూపించింది. ఎక్కువమంది గ్రీకులే, కాదనట్లేదు, కానీ ఓడరేవులో అందరూ ఒకే తీరుగా ఎట్లుంటారని అడిగింది. పాలరాతి విగ్రహాలకు కూడా ఒకప్పుడు రంగులు వేసేవాళ్ళని చెప్పింది.

"రంగు పోయిన రాయిని చూసి మనుషులు సుత గట్లనే ఉండిరి అనుకుంటే ఎట్ల సార్?"

రాజబాబు, 'కూడా'కు బదులు ఆమె అన్న ఆ 'సుత' అనే మాటను పట్టుకుని, ఆమె గొంతు అనుకరిస్తూ సాయంత్రం దాకా అందరినీ నవ్వించాడు.

కల్పలత చేసిన జనంలో ఒక హమాలీ ఉన్నాడు. నల్లటివాడు. నూనె జాడీ భుజాన పెట్టుకుని వంగి నడుస్తుంటాడు. ఆ ముఖం ఆమె ఊహించింది కాదు. వాళ్ళ గల్లీలో ఉంటూ సికింద్రాబాద్ స్టేషన్లో మూటలు మోసిన భద్రయ్యది. శుక్రవారం రాజబాబు ఆ బొమ్మను తీసేస్తానన్నప్పుడు ఆమె మెల్లగా చెప్పింది.

"గాయన పోయినేడు చనిపోయిండు సార్."

"మరింకేటి? అడగడానికి రాడు కదా" అన్నాడు రాజబాబు.

ఆదివారం మధ్యాహ్నం అతనొక్కడే ఆఫీసుకు వచ్చాడు. ముసురు. పట్టపగలే లైట్లు వేసుకోవలసి వచ్చింది. కింద ఉండే వాచ్‌మన్ నోవహు ప్రార్థనకు వెళ్ళి ఇంకా రాలేదు. కల్పలత చేసిన బొమ్మలను తెరిచి వరసగా రంగు మార్చడం మొదలుపెట్టాడు. పండ్లమ్మే ఆమె తెల్లబడింది. నావికుడు తెల్లబడ్డాడు. గోడకు సున్నం కొట్టినంత సులువుగా అయిపోయింది. భద్రయ్య మాత్రం ఎంత తెల్లచేసినా భద్రయ్యలాగే ఉన్నాడు. విసుగెత్తి మనిషినే తీసేశాడు. సర్వర్లో ఉన్న నకలు కూడా చెరిపేశాడు.

తర్వాత సంతను తెర మీద నడిపించి చూశాడు. తెల్లటి జనం, తెల్లటి బట్టలు, వెనక నీలిసముద్రం. చూడముచ్చటగా ఉంది. కానీ జాడీల గుట్ట దగ్గరికి వచ్చేసరికి జనం రెండు పాయలుగా చీలుతున్నారు. కొంచెం ముందుకెళ్ళి మళ్ళీ కలుస్తున్నారు. మధ్యలో ఏమీ లేదు. ఒక మనిషి పట్టేంత ఖాళీ.

ఆ పిల్ల పనితనం ఇంతే, తీసేసినా ఏదో మిగిలిపోతుంది, అనుకున్నాడు. వెతికాడు. ఏమీ దొరకలేదు. మళ్ళీ నడిపించాడు.

ఈసారి ఖాళీ జాడీల దగ్గర లేదు. పండ్ల దుకాణాల వరసలో ఉంది. చూస్తుండగానే కదిలింది. బరువు మోసేవాడి నడకలా... మెల్లగా... ఆగి ఆగి. జనం పక్కకు ఒత్తిగిలి దారి ఇస్తున్నారు. ఖాళీ సంత దాటింది. ఇటువైపే... తెర వైపే వస్తోంది.

తడిసిన గోనెసంచి వాసన వేసింది. దాని వెనకే బీడీ వాసన.

కంప్యూటర్ ఆపేశాడు. అప్పుడు మెట్ల మీద చప్పుడు వినబడింది. తడి పాదాలు. ఒక మెట్టు... ఒక ఆయాసం... ఇంకో మెట్టు.

"నోవహూ?"

చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. దారి ఇస్తే లోపలికి వద్దామన్నట్టు ఆగింది. రాజబాబు వెనక మెట్ల మీంచి, గొడుగు కూడా తీసుకోకుండా దిగిపోయాడు.

లోకల్ రైలెక్కాక కాస్త ధైర్యం వచ్చింది. గాలి తగిలాక తన మీద తనకే నవ్వొచ్చింది. దెయ్యాల కథలు చెప్పుకునేది చదువు లేనివాళ్ళని ఇంట్లో భార్య దేవికను ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో! ఇల్లు పద్మారావు నగర్లో. సికింద్రాబాద్‌లో దిగితే నడిచిపోవచ్చు.

స్టేషన్ కిటకిటలాడుతోంది. మెట్ల వంతెన మీంచి జనం కుండపోతగా దిగుతున్నారు. వాళ్ళను చూస్తూ రాజబాబు నిలబడిపోయాడు.

వంతెన మధ్యలో జనం రెండు పాయలవుతున్నారు.

ఎవరూ అటు చూడటం లేదు. మాట్లాడుకుంటూనే భుజాలు ఒంచుకుంటున్నారు. ఒక తల్లి పిల్లవాణ్ణి చెయ్యి పట్టి పక్కకు లాక్కుంది, ఎందుకు లాగిందో చూసుకోలేదు. ఆ ఖాళీ మెట్టు మెట్టూ దిగింది. ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది. అతను ఎడమకు జరిగాడు... అదీ జరిగింది. స్తంభం వెనక్కి వెళ్ళాడు... చుట్టూ ఉన్న జనం ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. గోనెసంచి వాసన. చెవి పక్కనే ఊపిరి.

"జెర జరగండి సారూ..."

ఇంటికి ఎలా చేరాడో అతనికి గుర్తులేదు. ఆ రాత్రంతా దేవిక అతని జ్వరానికి తడిగుడ్డ వేస్తూ కూర్చుంది.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకొచ్చి, కల్పలతను పక్కకు పిలిచి, భద్రయ్య ఎలా పోయాడని అడిగాడు. అలా అడిగే మనిషి కాదు కనక ఆమె కాసేపు అతని ముఖం చూసింది. స్టేషన్ వంతెన మెట్ల మీద మూటతోనే పడిపోయాడని చెప్పింది. తాగి పడ్డాడనుకుని జనం పక్కనుంచి తప్పుకుపోయారు. చాలాసేపు అట్లనే పోయిన్రట సార్, అంది.

ఆ బొమ్మ నకలు ఇంకెక్కడైనా ఉందా అని అడిగాడు. ఆమె దగ్గర సీడీలో ఉంది. తీసేసిన మనిషిని తిరిగి పెట్టమన్నాడు. పెదవి విరవడానికి ప్రయత్నించాడు గానీ రాలేదు.

భద్రయ్య మళ్ళీ జాడీల గుట్ట దగ్గర లేచాడు. జాడీ ఎత్తుకుని నడిచాడు. జనం అతనికి దారి ఇచ్చి మళ్ళీ కలిశారు. రాజబాబు గట్టిగా ఊపిరి వదిలాడు.

కల్పలత తెర మీద వేలు పెట్టింది. భద్రయ్యకు రెండడుగుల వెనక జనం మళ్ళీ చీలుతున్నారు.

"ఆయన వెనక ఎవరిని తీసేసిన్రు సార్?" గొంతు తగ్గించి అడిగింది.

"ఎవర్నీ తియ్యలేదు."

రేవులో పొద్దుటి ఎండ. అందరి నీడలూ సముద్రం వైపు పడుతున్నాయి. ఆ ఖాళీలో నేల మీద కూడా ఒక నీడ ఉంది. మనిషి లేడు... మూట మోస్తూ వంగిన నీడ ఒక్కటే. అది మాత్రం ఇటు, వాళ్ళిద్దరి వైపు పడుతోంది.

కల్పలత కుర్చీ వెనక్కి జరుపుకుంది. నీడ కొద్దికొద్దిగా పొడుగవుతోంది.