ఎర్ర స్టిక్కర్ ఇంట్లో ఏజెంట్

ఆదోని రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద ఒక మనిషి కుప్పకూలాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముందుకు రాలేదు, వెనక్కి జరిగారు. కరోనా రెండో వేవ్ ఊళ్లను ఊపేస్తున్న రోజులవి. ఎవరైనా పడిపోతే మాస్కు పైకి లాక్కుని తప్పుకుపోవడం జనానికి అలవాటైపోయింది.

తెల్లటి పీపీఈ కిట్‌లో ఉన్న పొడుగాటి మనిషి ఒకడు వచ్చి, వంగి నాడి చూశాడు.

"కొవిడ్. దగ్గరికి ఎవరూ రావొద్దు."

ఎవరూ రాలేదు. పడిపోయినవాడి మెడ మీద దోమ కుట్టినంత సూదిగాటు ఎవరి కంటా పడలేదు. స్ట్రెచర్ వచ్చేసరికి కిట్‌లో ఉన్నవాడు మాయమయ్యాడు.

చనిపోయినవాడి పేరు మాదన్న. బోర్డు లేని ఒక ప్రభుత్వ ఆఫీసుకి ఏజెంట్. అతని చివరి వాయిస్ మెసేజ్‌ని హైదరాబాద్‌లో, కిటికీలన్నీ మూసిన గదిలో ఇద్దరు విన్నారు. "ఎమ్మిగనూరు... నేతగాళ్ల వీధి... గోడౌన్..." ఆ తర్వాత రైలు కూత, అంతే.

"ఆర్కిడ్ పని," అన్నాడు చీఫ్ వాదిరాజ. సముద్రం అవతలి నుంచి నడిచే ముఠాకి ఆఫీసులో పెట్టుకున్న పేరు ఆర్కిడ్. "వాళ్లకి ఈసారి మన మిలిటరీ రహస్యాలు అక్కర్లేదు. ఒక్క వీడియో కావాలి."

"ఏం వీడియో సార్?" అడిగాడు ప్రమోద్.

"వ్యాక్సిన్ వేయించుకున్న మనిషి కెమెరా ముందే గిలగిలా కొట్టుకుని ప్రాణం విడవాలి. అసలు మందు వయల్స్ తీసి, వాళ్ల వయల్స్ పెడతారు. ఒక్క సెంటర్ చాలు. ఆ తర్వాత ఈ దేశంలో సూదికి చెయ్యి చాపేవాడు ఉంటాడా?"

మాదన్నతో కలిసి ఎన్నో బస్సుల్లో, ఎన్నో లాడ్జీల్లో నిద్రపోయాడు ప్రమోద్. ఇప్పుడా శవాన్ని కవర్లో చుట్టి, ముఖమైనా చూడనివ్వకుండా కాల్చేశారు.

"ఆ వీధి కంటైన్‌మెంట్ జోన్. రెండు వైపులా కర్రలు కట్టేశారు. బయటివాళ్లయితే డాక్టర్లు పోగలరు, పేషెంట్లు ఉండగలరు. అంతే."

"డాక్టర్‌గా వెళ్తాను."

"డాక్టర్‌ని అందరూ చూస్తారు. పేషెంట్ కనిపిస్తే అందరూ మొహం తిప్పుకుంటారు. నీ పేరు శివప్రసాద్. ముంబైలో మిల్లు మూసేస్తే తిరిగొచ్చావు. టెస్టులో పాజిటివ్ వచ్చింది." చీఫ్ వేలెత్తాడు. "ఒక మాట. అక్కడ ఏం జరిగినా 'విషం' అన్న పదం నీ నోట రాకూడదు. ఆ పుకారు పుడితే, ఎవరూ చావకపోయినా ఆర్కిడ్ గెలిచినట్టే."

"అర్థమైంది."

"ఇంట్లో ఎవరికైనా చెప్పాలా?"

"ఎవరూ లేరు సార్."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను," అన్నాడు వాదిరాజ.

*

ఎమ్మిగనూరులో ఆ ఇంటి తలుపు మీద ఎర్ర స్టిక్కర్ అంటించారు. గడప ముందు బ్లీచింగ్ పౌడర్ తెల్లగా చల్లారు. గుబురు మీసం, వారం గడ్డం, దగ్గు: ఇదీ ప్రమోద్ వేషం. వేలికి తగిలించుకునే ఆక్సీమీటర్ లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. కిటికీ రెక్క సందులోంచి చూస్తే ఎదురుగా మూతపడిన నూలు గోడౌన్, దాని ఇనుప షట్టర్.

గూఢచారికి కనిపించకుండా ఉండటమే వృత్తి. అయినా ఇలా కనిపించకుండా పోవడం ప్రమోద్‌కి కొత్త. వీధిలో నడిచేవాళ్లు అతని ఇంటి దాకా వచ్చి అవతలి అంచుకి జరిగేవారు. పాలవాడు ప్యాకెట్‌ని దూరం నుంచే విసిరేవాడు. నూలు రాక చాలా మగ్గాలు ఆగిపోయాయి. పక్కింట్లోది మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటక ఆడేది. ఆ చప్పుడు ఆగితే ప్రమోద్‌కి ఏదో భయంగా ఉండేది.

ఆ మగ్గం రుద్రమ్మది. ముసలావిడ. ఒకరోజు మధ్యాహ్నం పిట్టగోడ మీద జొన్నరొట్టె, చెనక్కాయల పొడి పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"ఏమప్పా, తిన్యావా లేదా? పొయ్యి ఎలిగించినట్ల కనపడ్లేదు."

"నా దగ్గరికి రావొద్దమ్మా. నాకు ఉంది."

"ఉంటే ఉండనీలే. రొట్టెకేం భయం? ఆడ పెట్టినా, తీస్కో. నువ్వెవురో, యాడోడివో నాకు తెల్దు గానీ, ఒంటి మనిసి దగ్గు ఇంటాంటే నాకు నిద్ర పట్టదు."

ఆ దగ్గు దొంగ దగ్గు. రొట్టెని చివరి ముక్కదాకా తిన్నాడు ప్రమోద్. ఆ తర్వాత రోజూ రొట్టె వచ్చింది.

రోజూ వచ్చేది ఇంకొకటి ఉంది. ఫోన్.

"శివప్రసాద్ గారా? కొవిడ్ కంట్రోల్ రూమ్ నుంచి. జ్వరం ఉందా?"

ఆ గొంతు ఉషశ్రీది. ఆదోనిలో ఐసోలేషన్ పేషెంట్లకి ధైర్యం చెప్పే కౌన్సెలర్‌గా ఆమెని చీఫే పెట్టించాడు. ఆర్కిడ్ ముఠా ఆమెని తమ మనిషి అనుకుంటోంది. నిజానికి ఆమె మన మనిషి. డబుల్ ఏజెంట్. ప్రమోద్ ఆమెని ఒకే ఒకసారి చూశాడు, హైదరాబాద్‌లో పెద్ద హోటల్ లాబీలో. నెమలికంఠం రంగు చీర, జడ లేని జుట్టు, గది దాటినా వదలని సెంటు. ఆవేళ లిఫ్ట్‌లో ఉన్నవాళ్లంతా దిగాల్సిన అంతస్తు మరిచిపోయారు.

"జ్వరం లేదు." అంటే గోడౌన్ దగ్గర ఎవరూ లేరు.

"వాసన తెలుస్తోందా?"

"కొంచెం తెలుస్తోంది." అంటే ఎవరో వచ్చి పోయారు.

కోడ్ అయిపోయాక ఫోన్ పెట్టేయాలి. రూల్ అది. మొదట్లో పెట్టేసేవారు. తర్వాత్తర్వాత ఆమె ఏం తిన్నారని అడిగేది. ఆదోని హాస్టల్లో తన అంతస్తు మొత్తానికి తనొక్కతే ఉంటున్నానని, పత్తి జిన్నింగ్ మిల్లులు మూతపడ్డాక ఊరంతా చెవుడు వచ్చినట్టుందని చెప్పేది. "మీరు నిజంగా పేషెంట్ అయితే బాగుండేది. ధైర్యం చెప్పడానికి వీలుండేది," అని ఒకసారి నవ్వింది. ప్రమోద్ ఆ నవ్వుని రోజంతా తలుచుకున్నాడు. ఏజెంట్‌కి ఇది మంచిది కాదని అతనికి తెలుసు.

*

వ్యాక్సిన్ డ్రైవ్ రోజు వచ్చింది. వీధి చివర స్కూల్లో సెంటర్. పొద్దున్నే, ఎప్పుడూ రాని వేళకి ఫోన్ మోగింది.

"వయల్స్ మార్చేది ఆదోనిలో," అంది ఉషశ్రీ. "మార్కెట్ యార్డ్ దగ్గర సెంటర్. చీఫ్‌కి చెప్పాను, టీమ్ మొత్తం ఇక్కడికే వస్తోంది. మీ పని అయిపోయింది."

"మాదన్న ఎమ్మిగనూరు అన్నాడు కదా."

"ప్లాన్ మారింది. ప్రమోద్..." మొట్టమొదటిసారి అతన్ని అసలు పేరుతో పిలిచింది. "ఇవ్వాళ మీరు ఇంట్లోంచి కదలొద్దు. ఏం జరిగినా సరే. నాకు మాటివ్వండి."

ఫోన్ ఆగిపోయింది. ప్రమోద్ మంచం మీద కూర్చుండిపోయాడు. తన ప్రాణం గురించి ఒకరు మాట తీసుకోవడం ఎన్నేళ్ల తర్వాతో.

అప్పుడు ఎదురుగా షట్టర్ లేచింది.

క్రిమిసంహారక మందు చల్లే ఆటో ఒకటి వెనక్కి వెనక్కి వచ్చి ఆగింది. పీపీఈ కిట్‌లో పొడుగాటి మనిషి గోడౌన్‌లోంచి నీలం రంగు వ్యాక్సిన్ బాక్స్ తెచ్చి, స్ప్రే డ్రమ్ము వెనక దాచాడు. పక్కన ఇంకొకడు మెళ్లో కెమెరాతో ఎక్కాడు. ఆటో స్కూలు వైపు కదిలింది.

ఉషశ్రీ అబద్ధం చెప్పింది. అంటే మాదన్న ఆదోనిలో దిగుతున్నాడని ఆర్కిడ్‌కి చెప్పింది కూడా ఆమే.

ఆక్సీమీటర్ నొక్కాడు. "చీఫ్, ఉషశ్రీ వాళ్ల మనిషి. బాక్స్ ఇక్కడే ఉంది. స్కూలుకి పోతోంది."

కాసేపు గరగర. "మేం ఆదోనిలో ఉన్నాం. మేం వచ్చేసరికి అంతా అయిపోతుంది. నువ్వొక్కడివే."

"పోలీసులకి చెబితే?"

"ఏమని చెబుతావు?"

నిజమే. చెప్పకూడని మాట ఒక్కటే, చెప్పాల్సిందీ అదే. జేబులో ఐడీ కార్డు కూడా లేదు. ప్రమోద్ పెరటి గోడ దూకాడు.

*

స్కూల్లో కుర్చీలు దూరం దూరంగా వేసి ఉన్నాయి. సగం ఖాళీ. వచ్చినవాళ్లు కూడా గోడలకి ఆనుకుని, నువ్వు ముందంటే నువ్వు ముందని చూసుకుంటున్నారు. నర్సు మల్లేశ్వరి టేబుల్ పక్కన నీలం బాక్స్ ఉంది. స్ప్రే ఆటో అప్పటికే గేటు బయట, తిరిగిపోవడానికి సిద్ధంగా. కెమెరావాడు హాల్లో మూల నిలబడి ఫోకస్ సరిచేసుకుంటున్నాడు.

"ఎవురూ లేయకపోతే ఎట్లప్పా? మొగోళ్లంతా గోడకతుక్కోని నిలబడిరే," అంటూ ఒకావిడ లేచి వచ్చి కుర్చీలో కూర్చుంది. రవికె చెయ్యి పైకి లాక్కుంది.

రుద్రమ్మ.

మల్లేశ్వరి వయల్‌కి సూది గుచ్చి మందు ఎక్కించింది. దూదితో చేతిని తుడిచింది. కెమెరా మీద ఎర్ర లైటు వెలిగింది.

ప్రమోద్ గుమ్మంలో నిలబడ్డాడు. వద్దు అని అరిస్తే ఎందుకని అడుగుతారు. సిరంజి లాక్కుంటే అదే వీడియో అవుతుంది. ఈ ఊరికి తను ఎవరో అతనికి గుర్తొచ్చింది. ఎర్ర స్టిక్కర్ ఇంట్లోవాడు.

మాస్కు పీకేశాడు. అడ్డదిడ్డంగా దగ్గుతూ నేరుగా టేబుల్ దగ్గరికి నడిచాడు. సూది మొన రుద్రమ్మ చర్మాన్ని తాకబోతుండగా బోర్లా పడ్డట్టు టేబుల్ మీద పడి, నీలం బాక్స్‌ని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"నాకూ వేయండి. నాకు పాజిటివ్. ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను."

మల్లేశ్వరి సిరంజి ట్రేలో పడేసి వెనక్కి దూకింది. కుర్చీలు దబదబా పడ్డాయి. జనం తలుపుల్లోంచి, కిటికీల్లోంచి బయటపడ్డారు. సూదికి భయపడినవాళ్లంతా ఇప్పుడు అతనికి భయపడి పరిగెత్తారు. ప్రమోద్ దగ్గుతూనే ఉన్నాడు, బాక్స్ మీద, వయల్స్ మీద, సిరంజి మీద.

"ఏదీ ముట్టుకోవద్దు," అంది మల్లేశ్వరి తేరుకుని. "వాడు దగ్గిందంతా సీల్ చేయాల. ఒగ సుక్క కూడా వాడేకి లేదు. సెంటర్ మూసేయండి."

రూలు అది. ప్రమోద్ కోరుకున్నదీ అదే.

రుద్రమ్మ ఒక్కతే కదల్లేదు. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని అతనివైపే చూసింది.

"నీకు రొట్టె పెట్టింది ఇందుకా అప్పా?" అంది మెల్లగా. "ఇంతమందిని సంపేకి వచ్చినావా?"

అప్పటిదాకా లాఠీ దెబ్బలు తప్పించుకోవడం గురించి ఆలోచిస్తున్న ప్రమోద్, ఆ మాట విన్నాక తప్పించుకోవడం మానేశాడు. కానిస్టేబుళ్లు గ్లవ్స్ వేసుకుని వచ్చి దూరం నుంచే కొట్టారు.

కెమెరావాడి లైవ్ దేశమంతా చూసింది. అందులో వ్యాక్సిన్ వల్ల ఎవరూ చావలేదు. క్వారంటైన్ తప్పించుకున్న ఒక మూర్ఖుడు తన్నులు తిన్నాడు, అంతే. స్ప్రే ఆటో గోనెగండ్ల దారి పట్టింది గానీ ఆదోని నుంచి వచ్చిన చీఫ్ మనుషులు వెంటాడి దాన్ని ఆపారు. పసుపు సంచుల్లో సీల్ చేసిన బాక్స్ చడీచప్పుడూ లేకుండా ల్యాబ్‌కి చేరింది.

*

ప్రమోద్‌ని ఐసోలేషన్ గదిలో పెట్టారు. సాయంత్రం, రోజూ వచ్చే వేళకే ఫోన్ మోగింది. ఎత్తేముందు ఆక్సీమీటర్ వేలికి తగిలించుకున్నాడు. లైన్ ఎక్కడినుంచి వస్తోందో చీఫ్ ట్రేస్ చేస్తున్నాడు. ఆమెని ఎంతసేపు మాట్లాడిస్తే అంత మంచిది.

"కదలొద్దన్నాను కదా," అంది ఉషశ్రీ.

"మాట ఇవ్వలేదు కదా."

"దెబ్బలు బాగా తగిలాయా?"

"వీపు మీద. మాదన్న గురించి చెప్పింది మీరేనా?"

"చంపుతామని చెప్పలేదు నాకు. భయపెడతామన్నారు. ఆ తర్వాత నన్నే భయపెట్టారు." ఆమె గొంతు సర్దుకుంది. "ప్రమోద్, ఈ ఫోన్ ట్రేస్ అవుతోంది కదూ?"

అవునని చెప్పకూడదు. కాదని చెప్పలేకపోయాడు. "జ్వరం లేదు," అన్నాడు.

ఆమె నవ్వింది, అలసటగా. ఫోన్ పెట్టేయలేదు. ఇవ్వాళ ఏం తిన్నారని అడిగింది. ఏమీ తినలేదన్నాడు. తనూ తినలేదంది. ఆదోనిలో వాన వచ్చేలా ఉందని, కిటికీలోంచి కోట కొండ మసకగా కనిపిస్తోందని చెప్పింది. అలా చాలాసేపు ఒకరు చెప్పింది ఒకరు విన్నారు. చివరికి అవతల తలుపు దబదబా బాదిన చప్పుడు వినిపించింది.

"వచ్చారు," అందామె. "ఉంటాను."

ప్రమోద్ ఆ ఫోన్‌ని చెవి దగ్గర్నుంచి చాలాసేపటి దాకా తియ్యలేదు.

*

మర్నాడు కొత్త వయల్స్ వచ్చాయి. స్కూలు గేటు దాటి వీధి మలుపు దాకా క్యూ కట్టారు జనం. ఆ దగ్గుబోతు ఎవరికి అంటించి పోయాడో అన్న భయం సూది భయాన్ని మింగేసింది. మొదటి సూది రుద్రమ్మకే వేశారని చీఫ్ చెప్పాడు. నిజం ఆవిడకి చెప్పొచ్చా అని ప్రమోద్ అడిగాడు. కుదరదన్నాడు చీఫ్.

కొన్నాళ్లకి గడ్డం, మీసం తీసేసి, అసలు పేరుతో, ఆదోనిలో రైలెక్కబోయే ముందు ప్రమోద్ తనూ టీకా వేయించుకున్నాడు. వేశాక అరగంట కూర్చోవాలి. పక్క కుర్చీలో తుగ్గలి నుంచి వచ్చిన రైతు ఒకాయన కూర్చున్నాడు.

"ఎమ్మిగనూరులో ఒగడు పాజిటివ్ పెట్టుకోని జనాల మీద పడ్న్యాడంట, ఇన్నావా అన్నా? అట్లాంటోణ్ణి ఏం సేయాలంటావు?"

"ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయాలన్నా," అన్నాడు ప్రమోద్.

"అంతేనా? తన్నాల గదా."

"తన్నులు మానిపోతాయి."

రైతు ఒప్పుకోలేదు. ఇద్దరూ వాదించుకున్నారు. మాట వానల మీదికి, అక్కణ్ణుంచి పత్తి ధర మీదికి, అక్కణ్ణుంచి రైతు చిన్న కూతురి చదువు మీదికి పోయింది. నర్సు వచ్చి ప్రమోద్ దగ్గర ఆగింది.

"నీ టైం అయిపోయిందప్పా. తల తిరగడం, అట్లాంటిదేమన్నా ఉందా?"

రైలు వేళ దగ్గరపడింది. తల తిరగడం లాంటిదేమీ లేదు.

"కొంచెం తిరుగుతోందమ్మా," అన్నాడు ప్రమోద్. "ఇంకాసేపు కూర్చుంటాను."

అతని సర్వీసు మొత్తంలో దేశం కోసం కాకుండా తన కోసం ఆడిన అబద్ధం అదొక్కటే.