కొత్త రికార్డులో పాత కీర్తన

శనివారం ఉదయం. వరండాలో పడకకుర్చీలో కూర్చోబెట్టి మార్త తండ్రికి గెడ్డం గీస్తోంది. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయింది, ఎడమ చెంప కొంచెం జారి ఉంటుంది. అక్కడ రెండు వేళ్ళతో చర్మం పైకి లాగిపట్టి గీయాలి. ఆరేళ్ళుగా ఆ పని ఆమెదే.

"రేపు ఆరాధనకి ఏ కీర్తనలిచ్చారు పాస్టరుగారు?" సబ్బు నురగలోంచి అడిగాడు కృపానందం.

"మాట్లాడకండి నాన్నగారూ, తెగుతుంది."

"మూడోది నెమ్మదిగా పట్టుకో. పోయిన వారం పరిగెత్తావు."

"సరేనండి."

లోపల పసివాడు ఏడుస్తున్నాడు. ఒక చేత్తో వాణ్ణి ఎత్తుకుని, రెండో చేత్తో పెనం మీద అట్టు తిరగేస్తోంది దానమ్మ. ఆమె మార్త తమ్ముడు జక్కయ్య భార్య. జక్కయ్య గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు. కారేజీ కోసం తొందరపెడుతూ సైకిలు తుడుచుకుంటున్నాడు.

బెజవాడ భవానీపురంలో ఆ మిషను కాంపౌండులో వాళ్ళు ఉంటున్న మూడు గదుల ఇల్లు చర్చివాళ్ళది. చర్చిలో ఆర్గాన్ వాయించేవాళ్ళకి ఇచ్చే ఇల్లు. కృపానందం మిషను స్కూల్లో పాటల మాస్టారుగా చేస్తూ ముప్ఫైయొక్క ఏళ్ళు ఆ ఆర్గాన్ వాయించాడు. ఆయన పడిపోయిన మరుసటి ఆదివారమే మార్త వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఇల్లు నిలబడింది. ఆ తరవాత ఆమెకి రెండు సంబంధాలొచ్చాయి, ఏలూరు నుంచి ఒకటి, గుడివాడ నుంచి ఒకటి. రెండుసార్లూ కృపానందం ఒకటే మాటన్నాడు: "మరి ఆర్గానో?" రెండూ వెనక్కి వెళ్ళిపోయాయి. మార్తకి ఇప్పుడు ముప్ఫైరెండు. వారమంతా అదే కాంపౌండులో స్కూలు టీచరు పని, బుధవారం పాటల ప్రాక్టీసు, ఆదివారం చర్చి. ఒక్కోరోజు గేటు బయట ప్రపంచం ఉందన్న సంగతే మర్చిపోయేది.

శనివారం మధ్యాహ్నం మాత్రం కూరగాయలకని బయల్దేరి బీసెంట్ రోడ్డులో కాశీరావు రికార్డుల షాపుకి వెళ్ళేది. మద్రాసు నుంచి వచ్చే సినిమా రికార్డుల పార్సిల్లో ఒకటో రెండో కొత్త జాజ్ ఎల్పీలు, అమెరికావాళ్ళ సంగీతం, కలిసి వచ్చేవి. బెజవాడలో వాటినెవరు కొంటారు? వెనక్కి పంపేముందు కాశీరావు ఆమె కోసం ఒకసారి పెట్టేవాడు.

"ఏంటండీ టీచరుగారూ, వీళ్ళకి కొత్త పాటలే లేవా? పోయినేడు ఎవరో బాకా ఊదిన పాటే ఇప్పుడీయన పియానో మీద వాయించాడు. అట్ట మారింది, పాట అదే!"

"అందరికీ వచ్చిన పాటే తీసుకుంటారండీ కాశీరావుగారూ. మనకి తెలిసిన పాట కాబట్టే ఎక్కడ ఆగాడో, ఎక్కడ పక్కదారి పట్టాడో తెలుస్తుంది. ఇదే పాట నాలుగు రికార్డుల్లో విన్నాను. నలుగురి మనసులూ వేరు."

"ఏమోనండీ, నాకైతే నలుగురూ దారి తప్పినట్టే ఉంది," అని నవ్వి స్టూలు జరిపేవాడు. ఆ అరగంట ఆమెది.

ఆ అరగంట ఎంత దూరం తీసుకెళ్ళిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. పోయినేడు గుంటూరు చర్చిల కన్వెన్షన్‌లో జనం భోజనాలకి వెళ్ళాక ఖాళీ హాల్లో పియానో ముందు కూర్చుని ఒక కీర్తన తనకి తోచినట్టు వాయించుకుంటోంది మార్త. ఇశ్రాయేలు అనే ఆయన తలుపు దగ్గర నిలబడి విన్నాడు. మద్రాసు స్టూడియోల్లో శాక్సాఫోన్ వాయిస్తాడు. మన చర్చిల్లో అందరూ పాడే కీర్తనల్ని జాజ్ పద్ధతిలో ఎల్పీగా తేవాలని ఆయన ఆశ. "పియానో మీరు వాయించాలి మార్తగారూ," అన్నాడు. మే నెల సెలవుల్లో టీచర్ల ట్రైనింగని చెప్పి పదిహేను రోజులు మద్రాసు వెళ్ళివచ్చింది. రికార్డు నవంబరులో విడుదలైంది. పోయిన శనివారం కాశీరావు షాపులో అట్ట వెనక "పియానో: కె. మార్త" అని చూసుకుంది. ఇంటికి తెచ్చుకునే ధైర్యం లేక మళ్ళీ అరలోనే పెట్టేసి వచ్చింది. రెండో రికార్డుకి రమ్మంటూ ఇశ్రాయేలు రాసిన ఉత్తరం పదిరోజులుగా ఆమె స్కూలు సంచీలోనే ఉంది.

గేటు దగ్గర రిక్షా ఆగింది. చర్చి కమిటీ సెక్రెటరీ ఏసుపాదంగారు దిగాడు. వెంట తువ్వాలు చుట్టిన రికార్డ్ ప్లేయరు, దాని మీద అట్టతో సహా ఒక రికార్డు. దాన్ని పసిబిడ్డలా రెండు చేతులా మోసుకుంటూ వరండా మెట్లెక్కాడు.

"కృపానందంగారూ, వందనాలండీ. మీకొకటి వినిపించాలి. అమ్మా మార్తమ్మా, ప్లగ్గెక్కడుంది?"

మార్త చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ అట్ట ఆమె గుర్తుపట్టింది. జక్కయ్యే వైరు అందుకుని లోపల ప్లగ్గు పెట్టాడు. రికార్డు చివరి పాట దగ్గర ముల్లు ఆనించాడు ఏసుపాదం.

అది వీడ్కోలు కీర్తన. చల్లపల్లి నుంచి బందరు దాకా ఏ క్రైస్తవుల ఇంట్లో శవపెట్టె లేచినా పాడే కీర్తన. తెలియనివాళ్ళు లేరు. ఎనిమిదేళ్ళ క్రితం మార్త తల్లిని సొంతూరు చల్లపల్లిలో మట్టికి అప్పగించినప్పుడు కృపానందమే హార్మోనియం వాయిస్తూ పాడాడు. ఇప్పుడు రికార్డులో పియానో ఆ పాటని ఒక్కో స్వరం తడుముకుంటూ మొదలుపెట్టింది. ఒక మాట అని ఆగుతుంది. రావలసిన స్వరం రాదు. వినేవాళ్ళే దాన్ని మనసులో పాడుకోవాలి. తరవాత శాక్సాఫోన్ వచ్చి, గొంతు బొంగురుపోయిన మనిషిలా ఆ చరణాన్నే వంకరగా అందుకుంది. మళ్ళీ పియానో ఒక్కటే మిగిలింది. పాట అయిపోయింది.

దానమ్మ గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"విన్నారుగా? పియానో ఎవరో తెలుసా?" ఏసుపాదం అట్ట తిప్పి చూపించాడు. "చనిపోయినవాళ్ళని పంపే పాటండీ ఇది. మా అన్నగారికి పాడాం, మీ ఇంటావిడకి పాడాం. దాన్ని క్లబ్బుల్లో ఊదే వాయిద్యంతో… నాకు కోపం కంటే బాధగా ఉందండీ. రేపు ఆరాధన కాగానే మార్తమ్మ లేచి తప్పయిందని ఒక్కమాట చెప్పాలి. లేదంటే ఆర్గాన్ సంగతీ, ఈ ఇంటి సంగతీ కమిటీ ఆలోచించుకోవాల్సొస్తుంది. ప్లేయరు సాయంత్రం పంపించండి."

ఆయన వెళ్ళిపోయాడు. కృపానందం కళ్ళు మూసుకునే ఉన్నాడు. సగం గెడ్డం మీద నురగ ఎండిపోతోంది.

జక్కయ్యే ముందు నోరు విప్పాడు. "చెప్పెయ్ అక్కా. ఒక్క నిమిషం పని. ఇల్లు పోతే వీళ్ళందర్నీ పెట్టుకుని నేనెక్కడికి పోను?"

"మే నెలలోనా ఇది?" అంది దానమ్మ. "ట్రైనింగన్నారుగా వదినా? అప్పుడు నాకు ఏడో నెల. మావయ్యగారిని లేపి కూర్చోబెట్టలేక గోడ పట్టుకుని ఏడ్చిన రోజులున్నాయి. పాపం వదిన ఎండల్లో ఎంత కష్టపడుతోందో అనుకున్నాను. నాకు ఒక్కమాట చెప్తే ఏం పోయేది?"

మార్త కత్తి పళ్ళెంలో పెట్టేసింది. "చెప్తే వెళ్ళనిచ్చేవాళ్ళా? నీకు చెప్పకపోవడం నా తప్పే దానమ్మా, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. కానీ ఈ ఇంట్లో నేనేం అడిగినా 'మరి ఆర్గానో' అంటారు. ఆ కుర్చీ వదిలితే ఇల్లు పోతుంది. కూర్చుంటే నేను పోతున్నాను. ఎవరైనా చూశారా?"

"అరవకు," అన్నాడు కృపానందం. మాట ముద్దగా వచ్చింది. "నువ్వు ఎక్కడికెళ్ళావో నాకనవసరం. మీ అమ్మ పాట ఎందుకు పాడు చేశావు? ఎడంచేతి స్వరాలన్నీ ఏమయ్యాయి? నీకు ఎనిమిదేళ్ళప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పానే. రెండు చేతులూ సరిగ్గా ఉన్నదానివి, కుంటివాడిలా ఎందుకు వాయించావు?"

మార్త తండ్రి కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

"చెప్పనా నాన్నగారూ? మీకు కోపం రాకూడదు."

"చెప్పు."

"రెండేళ్ళ క్రితం ఒకరోజు స్కూల్నుంచి పదకొండింటికి వచ్చాను, పిల్లల నోటుబుక్కులు మర్చిపోయి. దానమ్మ బజారుకెళ్ళింది. లోపల హార్మోనియం వినిపించింది. జక్కయ్య స్నేహితుడెవరో అనుకుని కిటికీలోంచి చూశాను. మీరు. గోడకి ఆనుకుని, గాలితిత్తి మోకాలితో నొక్కుతూ, కుడిచేత్తో వీడ్కోలు కీర్తన వాయిస్తున్నారు. ఎడంచెయ్యి పడాల్సిన చోట ఆగుతున్నారు. అక్కడ నోటితో కూడా పాడటంలేదు. ఊరికే ఆగి, మళ్ళీ మొదలుపెడుతున్నారు. నేను లోపలికి రాలేకపోయాను."

కృపానందం కళ్ళు తెరిచి కూతురి వంక చూశాడు.

"అమ్మ పోయిన రోజు మీరు ఒక్క స్వరం తప్పకుండా వాయించారు. అందరూ మెచ్చుకున్నారు. నాకప్పుడు ఏడుపు రాలేదు నాన్నగారూ. ఆ రోజు కిటికీ బయట నిలబడితే వచ్చింది. కాశీరావుగారి షాపులో వినే జాజ్ వాళ్ళు ఏం చేస్తున్నారో కూడా అప్పుడే తెలిసింది. ఉన్న పాటలోనే తమకి లేనిది వినిపిస్తారు. మద్రాసులో మీరు ఆగిన చోటల్లా ఆగాను. నా సొంతం ఏమీ లేదు అందులో."

పసివాడు తల్లి కొంగు లాగుతున్నాడు.

"మళ్ళీ పెట్టు," అన్నాడు ముసలాయన.

జక్కయ్యే పెట్టాడు. ఈసారి కృపానందం కళ్ళు మూసుకోలేదు. పియానో ఆగిన మొదటి చోట ఆయన కింది పెదవి అదిరింది. రెండో చోట కన్నీళ్ళు జారి నురగలో కలిశాయి. ఆయన తుడుచుకోలేదు.

"ఎవరూ వినలేదనుకున్నాను," అన్నాడు పాట అయ్యాక. "సిగ్గేసేది తల్లీ. అందుకే మీరెవరూ లేనప్పుడు…" మార్త ఆయన మోకాలి మీద తల పెట్టి, ఇన్నేళ్ళూ లోపల దాచుకున్నదంతా ఏడ్చింది. దానమ్మ తడిగుడ్డ తెచ్చి మావగారి మొహం తుడిచి, ఆ గుడ్డే మార్తకి అందించింది.

కాసేపటికి కృపానందం అడిగాడు. "మళ్ళీ రమ్మన్నారా?"

మార్త సంచీలోంచి ఉత్తరం తెచ్చి చదివింది. ఫిబ్రవరి నుంచి రెండు నెలలు.

"రెండు నెలలా!" అన్నాడు జక్కయ్య.

అందరూ దానమ్మ వైపు చూశారు. ఆమె పసివాణ్ణి భుజం మార్చుకుంది. "వెళ్ళండి వదినా. రెండు నెలలూ మావయ్యగార్ని నేను చూసుకుంటాను. మీరొచ్చాక రెండు నెలలు నేను మా అమ్మ దగ్గరికి పోతాను. ఇంట్లో ఏం జరిగినా మధ్యలో పిలవకూడదు. పెళ్ళయి నాలుగేళ్ళు, వారం మించి ఎప్పుడూ పోలేదు నేను."

"అలాగేనమ్మా," అన్నాడు కృపానందం. కోడలికి ఆయన అలా జవాబివ్వడం అదే మొదటిసారి.

ఆదివారం ఆరాధన అయ్యాక కొడుకు భుజం పట్టుకుని కృపానందమే లేచాడు. మాట స్పష్టంగా రాదని ఒక్కో పదం విడదీసి చెప్పాడు. "నా కూతురు తప్పు చెయ్యలేదు. తప్పు నాది. ఇంటి కోసం ఆరేళ్ళు దాన్ని ఆ కుర్చీకి కట్టేశాను. ఇవాళ్టితో విప్పేస్తున్నాను. ఇల్లు ఖాళీ చేస్తాం."

ఏసుపాదం తల దించుకున్నాడు. ఎవరూ ఉండమనలేదు. బయట మెట్ల దగ్గర శౌరమ్మ అనే విధవావిడ మాత్రం మార్త చెయ్యి పట్టుకుని, "ఆ రికార్డు మా ఇంటికి తెచ్చి ఒకసారి వినిపిస్తావా అమ్మాయ్? మా ఆయనకి పాడినప్పుడు నేను స్పృహలో లేను," అంది.

జనవరి ఆఖర్లో చిట్టినగర్‌లో రెండు గదుల్లోకి మారారు. అక్కడ నీళ్ళ కోసం దూరం పోవాలి. మార్త స్కూల్లో రెండు నెలలు జీతంలేని సెలవు పెట్టింది. జక్కయ్య వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తరవాత తనే అక్క పెట్టెకి కొత్త తాడు కొనుక్కొచ్చి కట్టాడు.

మద్రాసు బండి పగటి పూటే. వద్దన్నా వినకుండా కృపానందం రిక్షాలో స్టేషనుకొచ్చాడు. బండి కూత వేశాక కిటికీ ఊచ పట్టుకుని అన్నాడు. "రెండు నెలలని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు. ఇంకా ఉండమంటే ఉండు."

"మరి మీరు?"

"నా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు వెళ్ళు."

బండి కృష్ణ వంతెన ఎక్కింది. కింద ఇసుకతిన్నెల మధ్య నీళ్ళు మెరుస్తున్నాయి. మార్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ముందుకు వంగింది.

"ఏమ్మా, ఎవరైనా పోయారా?"

మార్త తల అడ్డంగా ఊపింది. నవ్వబోయి మళ్ళీ ఏడ్చింది.

"లేదండీ. మా నాన్నగారు నన్ను పంపించారు."